పిన్ని వేలు ఆగిన చోట్లు

అచ్చులో హైఫనుకూ డాషుకూ తేడా తెలియనివాళ్లంటే నాకు ఒళ్లు మంట. పొట్టిగీత రెండు మాటల్ని కలుపుతుంది, లేదా పంక్తి చివర విరిగిన మాట ఇంకా ఉందని చెబుతుంది. పొడుగుగీత దగ్గర చదివేవాడు కాస్త ఆగాలి. కోల్‌కతాలో మా తెలుగు సంఘం సంచికకు ప్రూఫులు దిద్దేది నేనే. ఈ గీతల కోసం నేను పెట్టే చీవాట్లకు జడిసి జనం నాకు వ్యాసాలివ్వడమే తగ్గించారు. అంతటి నేను చేసిన నిర్వాకం ఇది.

మా పిన్నికి చిన్నప్పటినుంచీ చూపు లేదు. ఊరి పక్కనే షాలిమార్‌లో ఉన్న మా చర్చిలో ఆదివారం బైబిలు వాక్యం చదివేది ఆవిడే, బ్రెయిలీ పుస్తకం మీద వేళ్లు నడుపుతూ. వారమంతా ఆ పదినిమిషాల కోసమే ఎదురుచూస్తుంది. ఈ మధ్య పుస్తకంలో చుక్కలు అరిగిపోయి తడబడుతోంది. చదవడం ఇంకెవరికైనా ఇద్దామన్న మాట పెద్దల నోట వచ్చింది. కొత్త కాగితాలు నేను చేయిస్తానన్నాను.

చర్చిలో పంచే కరపత్రం కోసం ఆవిడ చదవాల్సిన పాఠాన్ని అప్పటికే టైపు చేసి ఉన్నాను. సన్నటి కాలమ్‌లు కావడంతో పంక్తి చివర విరిగిన ప్రతి మాటకూ చేత్తో హైఫన్ పెట్టాను. ఆ ఫైలునే బ్రెయిలీ అచ్చుకు పంపేశాను. మళ్లీ చూసుకోలేదు.

ఆదివారం పిన్ని మొదటి వాక్యంలోనే మాట మధ్యలో ఆగింది. రెండో వాక్యంలో మళ్లీ ఆగింది. చివరిదాకా అదే వరస. ఆరాధన అయ్యాక చర్చి సంఘపెద్ద ఆవిడ చేయి పట్టుకున్నాడు.

"ఇన్నేళ్లు సదివినారు గదమ్మా, ఇంక రెస్టు తీసుకోండి."

పిన్ని తల ఊపింది.

ఇంటికొచ్చి కాగితాలు కిటికీ వెలుగులో పెట్టి చూశాను. బ్రెయిలీ నాకు కంటితోనే వచ్చు. హైఫన్ అంటే ఒక్కో అక్షరానికుండే ఆరు చుక్కల గడి అడుగున పక్కపక్కనే రెండు చుక్కలు. బ్రెయిలీలో పంక్తులు వేరేచోట విరిగాయి, నా హైఫన్లు మాత్రం మాటల లోపల అలాగే కూర్చున్నాయి.

"వాటిని దాటేసి చదవొచ్చు కదా పిన్నీ! తప్పని తెలీలేదా?" సిగ్గుతో ఆవిడ మీదే అరిచాను.

"నువ్వెట్టినావు గదరా. ఊరికే ఎడతావేటి? ఆగమన్నావనుకుని ఆగినాను."

నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఆ సాయంత్రమే సంఘపెద్ద ఇంటికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. ఆయన ఇంకో వారం ఇచ్చాడు. ఫైలులో అనవసరపు హైఫన్లన్నీ ఏరేసి మళ్లీ అచ్చు వేయించాను. నిజంగా ఆగవలసిన చోట్లు ఆ పాఠంలో రెండే. బ్రెయిలీలో డాషుకు హైఫన్ గుర్తునే వరసగా రెండుసార్లు వేస్తారు. ఆ రెండుచోట్లా అది సరిగ్గా పడిందో లేదో ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు.

మళ్లీ ఆదివారం అందరిముందూ లేచి, పోయిన వారం తడబడింది పిన్ని కాదు, నేనని చెప్పాను. కాగితాలు ఆవిడ చేతికిచ్చి, "ముందోసారి తడిమి చూసుకో పిన్నీ" అన్నాను.

"నువ్వు సూసినావు గదా," అంటూ లేచింది.

పిన్ని చదివింది. మొత్తం మీద రెండుసార్లే ఆగింది, రెండూ నేను ఆగమన్న చోట్లే.