నాలుగు వందల ఏళ్ల తోడికోడళ్లు

వరంగల్ బజారులో మాది బట్టల దుకాణం. గిరాకీ లేనప్పుడు గల్లా మీద కూర్చుని ఫోన్‌లో వ్యాంపైర్ల సీరియల్ రాస్తుంటాను. కథల యాప్‌లో వారానికో భాగం. ఈ మాట చెప్పగానే నవ్వేవాళ్లే ఎక్కువ. నవ్వండి. ఒకే చీరను పదిమందికి విప్పి, పదిసార్లు మడిచి బతికేవాడికి చావు లేనివాళ్ల బాధ తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

యాప్‌లో పాఠకులు ఎంతమంది ఉన్నా ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఒకరు మా నాయనమ్మ, ఇంకొకరు ఆమె తోడికోడలు, అంటే మా చిన్న నాయనమ్మ. ఇద్దరి భర్తలూ పోయి చాలా ఏళ్లయింది. మధ్యాహ్నం నేను అన్నానికి వెళ్తే, తిన్న చెయ్యి ఆరకముందే కథ చదవమంటారు. నాయనమ్మ మంచం మీద ఉంటుంది, చిన్న నాయనమ్మ కింద చాప మీద. మా ఇంట్లో పెద్ద కోడలు మంచం మీద ఉంటే చిన్న కోడలు మంచమెక్కదు. ఆ పద్ధతి పెట్టిన అత్తగారు ఎప్పుడో పోయింది, కోడళ్లకు మోకాళ్లు పట్టేశాయి, పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు. చిన్న నాయనమ్మ చాప మీంచి లేవడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటా నాయనమ్మ పైనుంచి "మెల్లగ, జర మెల్లగ" అంటూ అజమాయిషీ చేస్తుంది.

నా కథలో ఒక రాణి. వయసు నాలుగు వందల ఏళ్లు. కోటలాంటి పాడుబడ్డ గడీలో ఒక్కతే ఉండలేక ఒక పిల్లను కొరికి తనలాగే మార్చుకుంటుంది. ఇక ఆ పిల్ల ఎప్పటికీ ఆమెతోనే ఉండాలి, ఆమె చెప్పిందే చెయ్యాలి. ఒంటరితనాన్ని పెత్తనం ఎలా కప్పిపెడుతుందో చూపించాలని నా తాపత్రయం. అంతా విని నాయనమ్మ ఒకటే అడిగింది.

"మరి గడీ ఎవరు ఊడుస్తాండ్రు?"

"వాళ్లకు ఊడ్చుడు ఉండదు నాయనమ్మా."

"నాలుగు వందల ఏండ్ల దుమ్మా? అందుకే ఆ పిల్లను తెచ్చుకున్నది. తెలివిగల్లదే."

నాకు ఒళ్లు మండింది. రెండేళ్లుగా నేను ఆ రాణి మనసు చెక్కుతుంటే ఈమెకు చీపురు కనిపించింది.

యాప్‌లో పాఠకులేమో పిల్లను విడిపించమని కామెంట్ల మీద కామెంట్లు పెట్టారు. సరేనని పిల్ల గడీ వదిలి వెళ్లిపోయే భాగం రాశాను. యాప్‌లో పెట్టేముందు ఇంట్లో చదివాను. నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఎందుకు పోతది? ఏం తక్కువైందట?"

చాప మీంచి చిన్న నాయనమ్మ అంది. "పోనియ్యి అక్కా. ఇన్నేండ్లు చాకిరి చేసింది గదా."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె నాయనమ్మకు ఎదురు చెప్పగా నేను వినలేదు. నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం చాయ్ వద్దంది. అక్క తాగనిదే చిన్న నాయనమ్మ తాగదు. అలక ఒకరిది, తలనొప్పి ఇద్దరిదీ.

ఆ అలక తీరకముందే చిన్న నాయనమ్మకు కడుపునొప్పి పట్టుకుంది. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ తప్పదు, వయసు చూస్తే గట్టిగా ఏమీ చెప్పలేమన్నారు హన్మకొండ దవాఖానాలో. ఆపరేషన్ రోజు పొద్దున నేను కారు తీస్తుంటే నాయనమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. పక్క సీట్లో ఉన్న తోడికోడలిని చూడనైనా చూడలేదు. నాతోనే మాట్లాడింది.

"ఆ పిల్లను పోనియ్యకు. కథ మార్చు."

"యాప్‌ల పెట్టేసిన నాయనమ్మా. అందరు చదివిండ్రు."

నిజానికి ఇంకా పెట్టలేదు. నా కథ జోలికొస్తే నేను పెద్దాచిన్నా చూడను. ఆమె ముఖం వాడిపోయింది. నాకు సిగ్గేసింది, అయినా నోరు విప్పి నిజం చెప్పలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది, మెలకువ వస్తే గండం గడిచినట్టేనన్నాడు డాక్టరు. కానీ గంటలు గడిచినా మెలకువ రాలేదు. అంతలో నాయనమ్మ వార్డులోకి వచ్చింది. గడప దాటాలంటే పక్కన మనిషి ఉండాలనే ఆమె ఆటో మాట్లాడుకుని ఒక్కతే వచ్చింది. స్టూలు జరిపితే కూర్చోలేదు. చిన్న నాయనమ్మ మంచం మీద, ఆమె కింద నిలబడి. అలా వాళ్లను నేనెప్పుడూ చూడలేదు. చాలాసేపటికి నా చెవి దగ్గరికి వచ్చింది.

"ఆ కొరుకుడు ఎక్కడ కొరకాలె?"

"మెడ మీద" అన్నాను. రచయితను కదా, ముందు జవాబు చెప్పి తర్వాత ఆలోచిస్తాను.

"కొరికితే ఇగ ఎటూ పోదు గదా?"

"పోదు."

"నాకు ఒక్క పన్ను లేదాయె బిడ్డా."

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి, ఏది ముందో తేలక నేను ముక్కు చీదుకుంటున్నాను. మంచం మీద చిన్న నాయనమ్మ కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"నీ కట్టుడు పండ్ల సెట్టు నా సంచిల పెట్టుకొచ్చిన అక్కా. ఎట్లన్న వస్తవు, వస్తే ఎట్ల తింటవని. తీసి పెట్టుకో."