అమ్మ గుండె తలుపు

నా ఉద్యోగమంతా ఒక ఎంజైమ్ చుట్టూ తిరుగుతుంది. కణంలో తయారైన ప్రోటీన్లు సరిగ్గా మడత పడేలా చూడడం దాని అసలు పని. గుండె కండరంలో దానికి ఇంకో డ్యూటీ కూడా ఉంది. క్యాల్షియం దాచిన అరల తలుపును అంటిపెట్టుకుని, గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకునేదాకా అది ఊరికే తెరుచుకోకుండా కాస్తుంది. అక్షరాలూ అంకెలూ కలిసిన దాని పేరుకి నోరు తిరగదు. అందుకే మా ల్యాబులో అందరం దాన్ని ‘కుండీ’ అంటాం. హిందీలో కుండీ అంటే తలుపు గడియ.

ఇంత తెలిసీ మొదట్లో మా అమ్మను ఒక్క పరీక్షకు ఒప్పించలేకపోయాను.

అమ్మకు అప్పుడప్పుడు గుండె దడదడలాడి కళ్లు తిరిగేవి. ఛాతీకి తీగలు అంటించే చిన్న యంత్రాన్ని ఒక పగలూ రాత్రీ ఒంటి మీద ఉంచుకోమన్నాడు డాక్టరు. అది ఉన్నంతసేపూ స్నానం చేయకూడదు. అక్కడే పీటముడి పడింది. నాన్న ఫౌజు ఉద్యోగంతో ఢిల్లీ కంటోన్మెంటుకు వచ్చి, ఇప్పుడు అదే ఊళ్లో ద్వారకలో నా దగ్గరుంటున్న అమ్మ, ఇక్కడి జనవరి చలిలో గీజరు చెడిపోయినా స్నానం మానిన మనిషి కాదు. స్నానం కానిదే దీపం పెట్టదు, స్టవ్ ముట్టదు.

"ఒంటి మీద నీళ్లు పడకుండా వంటింట్లోకి ఎలా వెళ్తానే? ఛీ!"

నేను బొమ్మ గీసి చూపించాను. "ఇదిగో తలుపు, ఇదిగో కుండీ. ఇది వదులైతే క్యాల్షియం కారి గుండె లయ తప్పుతుంది. నీకున్నది అదో, ఇంకోటో చూడాలి కదా!"

"అచ్ఛా, నీ కుండీకి కాస్త నూనె రాయి, పో," అంది బీరకాయ చెక్కు తీస్తూ.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ తలుపు కారితే ఏమవుతుందో రోజూ చూసేదాన్ని నేను! నువ్వలా గోడ పట్టుకుని నిలబడితే నాకెలా ఉంటుందనుకున్నావు? భయమేస్తోందమ్మా!" అని అరిచాను.

అమ్మ బీరకాయ పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదే, బొమ్మలెందుకూ? ఠీక్ హై. ఆ రోజు దీపం నువ్వు పెట్టు, వంటా నువ్వే చెయ్యి."

యంత్రం తగిలించుకుని అమ్మ వంటింటి గడప ఇవతల కుర్చీ వేసుకుంది. ల్యాబులో కంటికి ఆనని చుక్కల్ని కూడా కొలిచి పోసే నేను, పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. పోపు దగ్గర మరీ కంగారుపడ్డాను.

"ఇంగువ! ఇంగువ వెయ్యవే! అయ్యో, మెంతులు మాడిపోతున్నాయి!" అమ్మ లేవబోయింది, తీగలు గుర్తొచ్చి కూలబడింది.

రిపోర్టు వచ్చాక డాక్టరు గీతల్ని స్క్రీన్ మీద పెట్టాడు. "ఘబరానే కీ బాత్ నహీ, ఆంటీ." భయపడాల్సిందేమీ లేదట, గుండె అక్కడక్కడా అదనంగా కొట్టుకుంటోందట, చిన్న మాత్ర చాలట. తర్వాత ఒకచోట వేలు పెట్టి ఆగాడు. మధ్యాహ్నం పూట గుండె ఉన్నట్టుండి పరుగు తీసిందట. ఆ సమయంలో ఏం చేస్తున్నారని అడిగాడు.

"మై కుఛ్ నహీ కర్ రహీ థీ, డాక్టర్ సాబ్. బేటీ తడ్కా లగా రహీ థీ." తనేమీ చేయడం లేదట, కూతురు పోపు పెడుతోందట!

డాక్టరు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వుతూనే అమ్మ చెయ్యి పట్టుకున్నాను, కారు దాకా వదల్లేదు.