నేను చప్పట్లు కొట్టించిన రోజు

మా బడిలో బెత్తం మాన్పించింది నేనే. ఈ మాట చాలా ఏళ్లు చాలామందికి చెప్పుకున్నాను, అడగనివాళ్లకు కూడా. మర్రిగూడ దిక్కున ఒక ఊళ్లో ఉన్నత పాఠశాల అది. చౌటుప్పల్ నుంచి రోజూ బస్సులో వెళ్లివస్తాను. తప్పు చేసినవాణ్ణి కొట్టడం కాదు, మంచిగా ఉన్నవాణ్ణి నలుగురిలో మెచ్చుకోవాలని ఒక శిక్షణలో విని, తిరిగి వచ్చిన మర్నాడే ప్రతి తరగతి గోడకూ ఐదు చార్టులు అంటించాను. వేళకు రావడం, గోళ్లు, తల, బట్టలు, పళ్లు. పేరుకు ఎదురుగా తేదీ గడిలో ఎర్ర స్టార్, లేకపోతే ఖాళీ. తిట్టేది లేదు, కొట్టేది లేదు.

ఇలాంటివి మా బళ్లలో ఎన్నాళ్లు బతుకుతాయో నాకు తెలుసు. మొదలుపెట్టినవాళ్లు బదిలీ కాగానే చార్టు కూడా గోడ దిగిపోతుంది. మాది అట్లా కాకూడదని పంతం పట్టాను. అందుకే చూసే పని పిల్లలకే అప్పజెప్పాను. తరగతికి ఇద్దరు లీడర్లు; ప్రార్థనకు ముందు వరుసల్లో నడుస్తూ చూసేదీ వాళ్లే, స్టార్ అంటించేదీ వాళ్లే. ఇద్దరు పెద్దసార్లు మారినా మా చార్టులు మారలేదు. నేను చేసేదల్లా శనివారం పూట గోడల దగ్గర తిరిగి ఎవరి వరుస ఎంత నిండిందో చూసుకోవడం. పిల్లల ముఖాలు చూడటం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. నాలుగు చార్టుల్లో ఆమె వరుస నిండుగా ఉండేది. పళ్ల చార్టులో మాత్రం ఒక్క స్టార్ లేదు, నెలల తరబడి. నాకు చిరాకేసింది. ఇంత శ్రద్ధ గల పిల్లకు పళ్లు తోముకోవడానికేం రోగం అనుకున్నాను. పిలిచి అడిగితే అయిపోయేది. అడగలేదు. ప్రార్థనలో బడి మొత్తానికి చెప్పాను, ఐదు నిమిషాల పని, మనసు పెడితే అందరివల్లా అవుతుందని.

ఒక సోమవారం ఆ వరుసలో స్టార్ కనిపించింది. నా సంబరం చెప్పలేను. మంగళవారం ఇంకొకటి. ఆ పొద్దున ప్రార్థనలో ఆమెను ముందుకు పిలిచి, పట్టుదల అంటే ఇదీ అని భుజం తట్టి, బడి మొత్తం చేత చప్పట్లు కొట్టించాను. ఆమె పెదవులు తెరవకుండానే నవ్వింది. సిగ్గనుకున్నాను.

మధ్యాహ్నం వరండాలో భోజనాలు. ఆమె పళ్లెంలో అన్నం, సాంబారు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఎందుకు తింటలేవు బిడ్డా?"

"ఆకలైతలేదు టీచర్."

పక్కనే కూర్చున్న లీడర్ అమ్మాయి అందుకుంది. "పులుపు తగిలితే నోరు మండుతదట టీచర్. నాలుగు దినాల సంది గట్లనే కూసుంటాంది."

నోరు తెరవమన్నాను. చిగుళ్లు పచ్చి పుండ్లు. ముందుపళ్ల దగ్గర చర్మం లేచిపోయి నెత్తురు చెమరుస్తోంది. ఆ పళ్ల మీద కొంచెం పలచబడ్డ గోధుమరంగు చారలు, వాటి మీద అడ్డంగా గీతలు. పళ్లెం పక్కకు జరిపి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"దేంతోని తోమినవ్?"

"ఇటుక పొడితోని టీచర్. దాంతోని పోకుంటే, గిన్నెలు తోమే ఇనుప పీచుతోని."

ఇప్పటికీ నమ్మలేనిది ఇంకొకటి ఉంది. నేను చెప్పేది సైన్సు. ఫ్లోరైడ్ నీళ్లు తాగితే పళ్ల మీద మచ్చలు పడతాయని ఆ ఏడాదే, ఆ తరగతికే, బోర్డు మీద నా చేత్తో రాశాను. ఆమె అది నోట్సులో ఎక్కించుకుంది కూడా. నేను పెరిగింది ఈ ఫ్లోరైడ్ ఊళ్లకు దూరంగా, నారాయణపేటలో. ఫ్లోరైడ్ అంటే నడుము వంగిన ముసలివాళ్లే నా కళ్లకు కనిపించేవారు. ఇంటింటికీ నల్లా వచ్చాక అది పాత ముచ్చట అనుకున్నాను. పాఠం చెప్పిన మనిషికి ఎదురుగా ఉన్న నోరు కనిపించలేదు.

వాళ్లమ్మను పిలిపించి ఆ మధ్యాహ్నమే దవాఖానకు తీసుకుపోయాను. "ఇది పాచి కాదు. పన్ను తయారయ్యేటప్పుడే లోపల పట్టిన మచ్చ. ఎంత తోమినా పోదు, పన్నే అరిగిపోతది" అన్నాడు డాక్టరు. చిన్నప్పుడు ఏం నీళ్లు తాగిందని అడిగాడు.

"ఊర్ల నల్లా ఉన్నా, గొర్లతోని ఊరవతల చెల్క కాడనే ఉంటిమి సారు. బోరు నీళ్లే" అంది తల్లి. తర్వాత నా వైపు తిరిగింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండు. "మీరు బడిల గట్టిగ చెప్పిన్రట గదా టీచరమ్మా. మంచికే చెప్తరని, ఇటుక నేనే నూరిచ్చిన" అంది.

మర్నాడు ప్రార్థనలో బడి ముందు నిలబడి, ఆ మచ్చలు తోమితే పోయేవి కావని, తప్పు పిల్లలది కాదు, నాదేనని చెప్పాను. అన్ని తరగతుల్లోనూ పళ్ల చార్టులు పీకేశాను. మిగతా నాలుగూ ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇప్పుడు వరుసల్లోకి లీడర్లతో పాటు నేనూ వెళ్తాను.

చివరగా ఎనిమిదో తరగతి చార్టు తీసి చుడుతుంటే ఆమె గుమ్మం దగ్గరకు వచ్చింది.

"టీచర్, నాకొచ్చిన స్టార్లు గూడ పడేస్తరా?"

"అవి వద్దు బిడ్డా. నేనే తప్పు చేసిన."

ఆమె కదలలేదు. "అవి ఊకె రాలే టీచర్. మస్తు నొచ్చింది నాకు" అని చెయ్యి చాపింది.

చార్టు విప్పి, గోరుతో ఆ రెండూ ఊడదీసి, ఆమె చేతిలో పెట్టాను.