వెనక నాలుగు కాగితాలు

ఎదురింటి ప్రహరీకి పొద్దున్నే ఇద్దరు మనుషులు పోస్టర్లు అంటిస్తున్నారు. ఉడికించిన మైదా జిగురు వాసన కిటికీలోంచి నా కుర్చీ దాకా వచ్చింది. రిటైరై జనగామలో ఈ ఇంట్లో కూర్చున్నాక ఇలాంటి పోస్టర్లు చాలా చూశాను. ప్రతిదాని మీదా తెలంగాణ కోసం ప్రాణాలిచ్చినవాళ్ల గురించి ఒక వాక్యం, దాని పక్కన ఒక నాయకుడి నవ్వు ఉంటాయి. ఈ వాసన తగిలితే నాకు కోపం వస్తుంది. అందులో సగం ఆ నవ్వే మనిషి మీద, సగం నా మీద. ఎందుకో చెప్పాలంటే జహీర్ భాయ్ గురించి చెప్పాలి.

ఉద్యమం ఊపందుకుంటున్న రోజుల్లో నేను మహబూబాబాద్ గ్రంథాలయానికి గుమస్తాగా బదిలీ అయ్యాను. ఆ ఊరిని మేమందరం మానుకోట అంటాం. జహీర్ భాయ్ అక్కడ వరండాలో కూర్చుని చిరిగిన పుస్తకాలు కుట్టే బైండరు. నాకంటే పదేళ్లు పెద్ద. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాడు. ఆయన వేళ్ల సందుల్లో ఆ నీలం ఎప్పుడూ ఉండేది. ఏ పుస్తకాన్నీ చదవకుండా కుట్టేవాడు కాదు. పని ఆలస్యమవుతోందని నేను విసుక్కుంటే, "చదవకుండ కుడితే పీనుగకు బట్ట చుట్టినట్టుంటది సారూ" అన్నాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. కుట్టే ప్రతి పుస్తకం చివరా నాలుగు తెల్లకాగితాలు కలిపేవాడు. మొదటి కాగితం పైన తన చేతిరాతతో ఒక ప్రశ్న రాసేవాడు: "ఈ పుస్తకంల ఎవరు లేరు?" చదివినవాళ్లు కింద జవాబు రాయాలి. దర్జీలు, హమాలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, పరీక్షలకు చదువుకునే పిల్లలు అందరూ రాసేవారు.

నేను పద్ధతి గల మనిషిని. ముప్పై ఏళ్లుగా ఒక్కరోజు తప్పకుండా డైరీ రాస్తున్నవాణ్ని. గ్రంథాలయం పుస్తకాల్లో ఇన్ని చేతిరాతలు చూసి మండిపోయాను. మూడు రోజులు బీరువాలన్నీ వెతికి, గీతలున్న ప్రతి పుస్తకం నంబరూ రాసుకుని, పై ఆఫీసుకు ఫిర్యాదు పంపాను. "పాఠకుల రాతలతో పాడైన ఈ పుస్తకాలు వాడకానికి పనికిరావు, తొలగించదగినవి" అని రాసి సంతకం పెట్టాను. ఆ నంబర్ల జాబితాను డైరీలోకి కూడా ఎక్కించాను. కానీ ఆ కాగితాల మీద ఎవరేం రాశారో ఒక్కటీ చదవలేదు. పై ఆఫీసు నుంచి జవాబు రాలేదు.

తర్వాత కొన్ని నెలలకు నా పాత డైరీల కుట్లు ఊడిపోతుంటే జహీర్ భాయ్ చేతికే ఇచ్చాను. ఆయన చదివే కుడతాడన్న సంగతి తెలిసి కూడా ఇచ్చానంటే, మెచ్చుకుంటాడని లోపల ఆశ ఉందన్నమాట. వారం తర్వాత పిలిచాడు.

"సారూ, తప్పు పట్టుకోకుండ్రి. మీరు ఏ ఊర్ల పుట్టిన్రు?"

"జనగామ దగ్గరే."

"మరి గీ కొబ్బరితోపులేంది? గీ పడవలేంది? జనగామల పడవ యాడ ఎక్కిన్రు?"

పక్కన పేపరు చదువుతున్న మనిషి ఫక్కుమన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. చిన్నప్పటి నుంచీ నేను చదివిన నవలలన్నీ డెల్టా ఊళ్లవి. మంచి రాత అంటే అదేనని నమ్మి, బీటలు వారిన మా మెట్ట చెలకల మీద కూడా పిల్లకాలువలు పారించాను.

"గది పోనియ్యి. మీ నాయిన పోయిన దినం రాసింది చదివిన. మంచిగుంది. కని గాయిన మీ నాయిన కాదు, ఎవలో నవలల పెద్దమనిషి. నిజంగ ఏమన్నడు ఆఖరికి?"

డైరీలో మా నాయిన నా తల నిమిరి, ధర్మాన్ని విడువకు నాయనా అంటాడు. నిజానికి ఆయన అలా ఎన్నడూ మాట్లాడలేదు. "బాయిల నీళ్లున్నయా అని అడిగిండు" అన్నాను. నా నోటి నుంచి ఆఫీసు భాష ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియదు.

"మరి గది రాయిండ్రి."

ఆ సాయంత్రమే మొదటిసారి పుస్తకాల వెనక కాగితాలు తెరిచాను. ఒక వంటల పుస్తకం చివర దర్జీ ఒకాయన, "ఇందుల జొన్నరొట్టె లేదు. మా ఇంట్ల దినాం గదే" అని రాశాడు. అడవుల గురించిన పుస్తకం వెనక కొత్తగూడ దిక్కు తండా నుంచి వచ్చే మంగ్లీ అనే లంబాడీ ఆమె, "చెట్లున్నయ్, పిట్టలున్నయ్, పులి గుడ ఉన్నది. పోడు కొట్టుకుని బతికే మేం లేం" అని రాసింది. వయసులో పెద్దవాడైనా అప్పటి నుంచి ఆయన నన్ను సారూ అనడం మాని అన్నా అనేవాడు. నా ఫిర్యాదు గురించి మాత్రం ఆయనకు చెప్పలేదు. వాపసు తీసుకుంటే నా మాట నేనే కాదనుకున్నట్టవుతుందని, దాన్నెవరూ చూడరులే అని ఊరుకున్నాను.

తెలంగాణ కోసం ఉద్యోగులం సమ్మె కట్టిన రోజుల్లో ఆ పుస్తకాలను దీక్షా శిబిరానికి మోసుకుపోయాం. జహీర్ భాయ్ వెనక కాగితాలు ఒక్కొక్కటే గట్టిగా చదివేవాడు. జనం ఒకచోట నవ్వేవారు, ఒకచోట మళ్లీ చదవమనేవారు. ఒకరోజు మా పై అధికారి వచ్చి కూర్చున్నాడు. మంగ్లీ రాసింది వినగానే కళ్లు తుడుచుకుని మైకు అందుకున్నాడు. "ఇదీ మన చరిత్ర! మన రాష్ట్రం వస్తే ఈ కాగితాలను అద్దాల పెట్టెల పెడతం" అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

రాష్ట్రం వచ్చింది. అప్పటికి నేను భూపాలపల్లిలో ఉన్నాను. చెల్పూర్ విద్యుత్ కేంద్రం బూడిదను కిటికీ మీద తుడుస్తుండగా జహీర్ భాయ్ ఫోన్ చేశాడు.

"సారూ, నిన్న రెండు ట్రాలీ ఆటోలల్ల పుస్తకాలు తుక్కుకు తీస్కపోయిన్రు. నేను కుట్టినయే అన్నీ. కాగితం చూపించున్రి అంటే చూపించిన్రు. కింద మీ దస్తకత్, మీ సంతకమే ఉన్నది."

అన్నా అనలేదు. సారూ అన్నాడు.

మరుసటి రోజు పై అధికారి గదికి వెళ్లాను. ఆయన టేబుల్ మీద నా ఫిర్యాదు ఉంది. అంచులు కూడా నలగలేదు.

"సార్, శిబిరంల మీరే కద అద్దాల పెట్టె అన్నరు?"

"అది ఉద్యమం నాటి మాట గదనయ్యా. కొత్త పుస్తకాలొస్తున్నయ్, జాగ కావాలె. పాత ఫైళ్లు తిరగేస్తే మీ జాబితా దొరికింది. నంబర్లు, బీరువాలు అన్ని వరుసగ ఉన్నయ్. మీ అంత పద్ధతిగ ఎవరు రాస్తరు?" అని నవ్వాడు. నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు.

ఆయన్ను తిట్టాను. ఏమని తిట్టానో ఆ రోజు డైరీలో ఉంది, ఇక్కడ రాయను. పరాయి పాలనలో ఆ కాగితాలకు ఏమీ కాలేదు. మనవాళ్లు వచ్చాక, మనవాడి ఉత్తర్వుతో, మనవాడి సంతకంతో తుక్కయ్యాయి.

అక్కడి నుంచి నేరుగా మానుకోట వెళ్లాను. జహీర్ భాయ్ అరవలేదు. ఖాళీ బీరువాలకేసి చూస్తూ, "రాసినవ్ గని చదవలే. చదవకుండ రాసినవ్" అన్నాడు. క్షమించమని అడిగాను, ఆ నంబర్లన్నీ నా డైరీలో కూడా ఎక్కించానని చెప్పాను. "గా ఏడాది డైరీ తెచ్చియ్యి" అన్నాడు. భూపాలపల్లికి బస్సులో పోయి తెచ్చిచ్చాను. విప్పి, చదివి, మళ్లీ కుట్టి, చివర నాలుగు తెల్లకాగితాలు కలిపి నా చేతిలో పెట్టాడు. "నంబర్లు నీ దగ్గర పదిలంగ ఉన్నయ్ గద. ఇగ మాటలు యాది చేస్కో." ఆయన నా కోసం చేసిన ఆఖరి పని అది. రెండేళ్లకు పోయాడు.

ఆ డైరీ ఇప్పుడు నా ముందుంది. నంబర్ల జాబితా ముత్యాల్లాంటి అక్షరాలతో తొమ్మిది పేజీలు. వెనక నాలుగు కాగితాల్లో ఇన్నేళ్లకు ఒక పేజీ కూడా నిండలేదు. జొన్నరొట్టె ఉంది, మంగ్లీ ఉంది, ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. మిగతావాళ్లెవరో నాకు తెలియదు, తొమ్మిది పేజీల పొడవునా వాళ్ల నంబర్లే తెలుసు.

పోస్టర్లు అంటించినవాళ్లు బకెట్టు తీసుకుని వెళ్లిపోయారు. జిగురు వాసన ఇంకా గదిలోనే ఉంది. దానితో ఇవాళ ఒకటి గుర్తొచ్చింది. గర్భిణులు పాటించాల్సిన జాగ్రత్తల పుస్తకం వెనక, మహదేవపూర్ నుంచి మానుకోట దగ్గరి పల్లెకు కోడలుగా వచ్చిన ఒకామె వంకర అక్షరాలతో రాసింది. కలం తీసి మంగ్లీ మాట కింద ఎక్కించాను:

"నొప్పులొస్తే దవాఖానకు పొమ్మని రాసిన్రు. మా ఊరికి బస్సు ఎప్పుడొస్తదో రాయలే."