పోచన్న తెగ్గోసిన జత

రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రంలోకి మారిన ఏడది. కచ్చేరి బోర్డు మీద ఉర్దూ చెరిపి మరాఠీ రాస్తున్న రోజుల్లోనే పోచన్న వార్ధా నది దాటి చాందా పట్నానికి హెడ్‌ఫోన్లు కొనబోయాడు.

పోచన్నది గొడుగులు, టార్చిలైట్లు బాగుచేసే పని. బ్యాటరీ లేకుండా ఒక చిన్న మెరుపురాయితో పలికే రేడియో కట్టాడు. వినడానికి హెడ్‌ఫోన్లే తక్కువ. ఊళ్లు తిరిగే నాకు వేరే పనేముంది, వెంట పోయాను.

పాతసామాన్లు అమ్మే బాలకిషన్ దగ్గర యుద్ధంలో మిగిలిన మిలిటరీ హెడ్‌ఫోన్లు కుప్పగా ఉన్నాయి.

"వజనున్నది తీస్కో మామా, ఆవాజు గట్టిగొస్తది."

"గట్టిగ మొత్తుకునేది నాకెందుకు? సన్నగ వినేది గావాలె."

పోచన్న ఒక రాగి పైస, ఒక ఇనుప తాళంచెవి తీసి, నడుమ ఉమ్మితో తడిపిన గుడ్డపీలిక పెట్టాడు. హెడ్‌ఫోన్ల తీగకొసలు చెరోదానికి ఆనించి చెవొగ్గాడు.

"ఆకలైతె చెప్పు మామా, చాయ్ తెప్పిస్త. పైసకు ఉమ్మి పూస్తున్నవేంది?"

"ఉమ్మిల పుట్టే గింత కరెంటుకు టిక్కుమనాలె. గదే నా జత."

ఎనిమిది జతలు మూగగా ఉన్నాయి. తోలు చిరిగిన తొమ్మిదోది టిక్కుమంది.

తిరుగుదారిలో పడవ కోసం ఆగినప్పుడు, చెవికి ఆనే డిప్ప మూత విప్పి చూపించాడు. లోపల అయస్కాంతం, దానికి వెంట్రుక కన్నా సన్నని తీగ వేల చుట్లు, పైన పలుచని ఇనుపరేకు. "తీగల కరెంటు ఎట్ల వణికితె రేకు అట్ల వణుకుతది. ఆ వణుకే మాట," అన్నాడు. తర్వాత ఏం తోచిందో, తీగకొసలు రెండూ మెలేసి ఒక డిప్ప నా చెవికి పెట్టి, రెండోదాని రేకు మీద గడ్డిపోచతో గీరాడు. నా చెవిలో చెట్టుకొమ్మ ఈడ్చినట్టు చప్పుడు. బొంబాయిలో ఓడల కూత విన్నాను, కాశీలో వెయ్యి గంటలు విన్నాను. గడ్డిపోచ అంత పెద్దగా నడవడం మాత్రం అక్కడే విన్నాను.

"అంటె ఇది చెవి ఒక్కటే గాదు, నోరు గూడ," అన్నాడు.

వారం తిరగకముందే అతని ఆరేళ్ల బిడ్డ గంగవ్వకు అమ్మవారు పోసింది. చేనవతలి గుడిసెలో నాయనమ్మ ఎల్లమ్మ దగ్గర ఉంచారు. ఎల్లమ్మకు అది చిన్నప్పుడే వచ్చిపోయింది. తల్లి రాజమ్మ ఒళ్లో నెల బిడ్డ, అందుకని ఆమెను పోనివ్వలేదు. అమ్మ తాపిస్తేనే తాగుతానని పిల్ల రెండు రోజులుగా జావ ముట్టలేదు. ఇంటి నుంచి అరిస్తే కేక అందుతుంది గానీ బుజ్జగింపు అందదు.

పోచన్న కత్తెర తీసి జతను రెండుగా తెగ్గోశాడు.

"రేడియో ఎట్లనే?" అన్నాను. గుడిసెకు పోయిన వస్తువు తిరిగి ఇంటికి రాదు.

"నాకు ఒక్క చెవి చాలదా అన్నా."

రేడియో కోసం తెచ్చిన రాగితీగ రెండు పేటలుగా పరిచి, ఒక డిప్పను గుడిసె కంచె మీద పెట్టి వచ్చాడు. ఎల్లమ్మ తీసుకుపోయింది.

"డబ్బతోని ఏం మాట్లాడాలె నేను?" అంది రాజమ్మ సిగ్గుపడుతూ.

"రోజు తినిపిచ్చుకుంట ఏమంటవో గదే అను."

రాజమ్మ డిప్పను నోటి దగ్గర పెట్టుకుంది. "గంగీ, నేనే బిడ్డా. కాకికో బుక్క, పిల్లికో బుక్క, నా తల్లికో బుక్క..." అని చెవికి ఆనించుకుంది.

"ఏమన్నది?" అన్నాడు పోచన్న.

రాజమ్మ చెయ్యెత్తి ఊరుకోమంది. చాలాసేపటికి, "ఏమనలే. మింగింది," అంది.

పోచన్న విని నాకిచ్చాడు. పిల్ల దాన్ని గొంతుకు ఆనించుకుందేమో, రెండువందల అడుగుల అవతలి గుటక నా చెవిలో పడింది. ఆ వెంటే ఇంకొకటి.