పసుపు మండీ దేవరాజులు మరిచిపోయిన కర్ర

బస్సు రాయపురం మలుపు తిరుగుతుండగా దేవరాజులు ఆ వారంలో మూడోసారి కర్ర మరిచిపోయాడు. మరిచిపోవడమంటే మాటవరసకే, కాలితో సీటు కిందికి తోసేసి, ఏమీ ఎరగనట్టు ఆకాశంకేసి చూస్తూ లేచాడు. ఏ ఊరి బస్సులోనైనా గొడుగులు వాటంతటవే పోతాయి. కర్రలను మాత్రం పనిగట్టుకుని పోగొట్టుకోవాలి.

"ఏం సామీ, మీ కర్ర!" పక్క సీట్లో చేపలగంపతో కూర్చున్న అమ్మాసి కేకేసింది.

"నాది కాదమ్మా."

కర్ర మీద ఆయన ఫోను నంబరును భార్య రాజలక్ష్మి రాసిపెట్టింది. అమ్మాసి కర్ర పైకి తీసి ఆ నంబరు నొక్కింది. దేవరాజులు జేబులో నాదస్వరం మోగింది. బస్సంతా నవ్వింది.

జార్జి టౌన్‌లో నలభై ఏళ్ళుగా ఆయనది పసుపు కొమ్ముల టోకు వ్యాపారం. ఇరవై రెండేళ్ళుగా షుగరు. పోయినేడు అంగడి మెట్టు మీద జారి మణికట్టు విరిగితే, అతుక్కోవడానికి ఐదు నెలలు పట్టింది. షుగరు పాదాల్లో స్పర్శ తగ్గించింది, పైకి దిట్టంగా కనబడే ఎముకను లోపల పెళుసు చేసింది, ఇంకోసారి పడితే తుంటి విరగొచ్చని డాక్టరు కర్ర పట్టమన్నాడు. దేవరాజులు లెక్కలో తప్పంతా మెట్టుదే. బస్సు ఆగకముందే దూకడం పెళ్ళికి ముందునుంచీ ఆయనకున్న పరువు.

చొక్కాజేబులోంచి స్కాన్ రిపోర్టు తీశాడు. "ఈడ చూడు. ఎముక దిట్టంగా ఉండాదని రాసుండారు. నాకెందుకు కర్ర?"

"మా ఇంటాయనకూ షుగరే సామీ. ఇట్లాంటి కాయితమే ఇచ్చినారు. స్నానాలగదిలో జారితే ఆయన తుంటి విరిగింది, కాయితానికి మాత్రం ఏమీ కాలే." అమ్మాసి గంప సర్దుకుంది. "లావు చూసేనా మీరు పసుపు కొనేది?"

"నేనేమన్నా ఎర్రోణ్ణా? విరిచి చూస్తా!"

వ్యాపారం మాటొస్తే ఆయన ఆగలేడు. పొద్దున మెచ్చి ఎంచుకున్న మచ్చు కొమ్మును సంచిలోంచి తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు. మంచి కొమ్మయితే ఖంగుమనాలి. ఇది గుల్లగా నలిగి చొక్కా నిండా రాలింది. లోపలంతా పుచ్చు.

"ఎముకను గూడా అట్లనే విరిచి చూసుకుంటారా?"

దేవరాజులు మణికట్టు చూసుకున్నాడు. ఫుట్‌బోర్డు వైపు చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. బస్సు పూర్తిగా ఆగింది. దిగేవాళ్ళు దిగండని కండక్టరు రెండుసార్లు అరిచాడు. అప్పుడు లేచి, ఆమే దొంగిలించినట్టు కర్ర లాక్కుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగాడు.

"పోయొస్తానని ఒక మాటన్నా చెప్పకూడదా సామీ!"

పసుపు చొక్కాతో, టకటకమని కర్ర ఆనించుకుంటూ, ఆయన జనంలో కలిసిపోయాడు.