ముదరని ఆనపకాయ

మా దీనమ్మ పెద్దమ్మ వంటంతా పెరట్లోనే మొదలయ్యేది. రాజోలు దగ్గర మా ఊళ్లో ఆమెది తాటాకుల ఇల్లు. వానల్లో కంద, బచ్చలి; చలికాలంలో ఆనపకాయ, చిక్కుడు; ఎండలు ముదిరితే ములక్కాడలు. కాలం కాని కూర ఆ పొయ్యి మీద ఉడికేది కాదు. పాదులకి పేడ, బూడిద, బియ్యం కడిగిన నీళ్లు తప్ప మరొకటి వేసి ఎరగదు. ఆమె ఎండురొయ్యలేసి ఆనపకాయ వండిన రోజున నేను బడి నుంచి మా ఇంటికి పోకుండా తిన్నగా అక్కడికే పోయేదాన్ని.

ఆ ఆనప విత్తనం ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఏటా పాదుకి కాసిన మొదటి కాయని కోయకుండా వదిలేసేది. అది ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమనేదాకా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. తర్వాత ఆ బుర్రని పొయ్యి పైన వేలాడగట్టేది.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి ఊళ్లోకి వచ్చేసింది. ఇల్లూ బుర్రా రెండూ పోయాయి. గట్టెక్కేటప్పుడు ఆమె కొంగున ముడేసుకున్న గుప్పెడు గింజలే మిగిలాయి. వాటిలో చాలామటుకు తడికి కుళ్లిపోయాయి. నీళ్లు తీశాక నాటితే ఒక్క తీగ బతికి, కొత్త కప్పు మీదికి పాకి ఒక కాయ కాసింది. "ఇది విత్తనానికండీ, చెయ్యెయ్యకండి" అని మా పెదనాన్న ఏసుదాసుకి ముందే చెప్పి పెట్టింది.

పెదనాన్న ఆ ఏడే మా చర్చిలో సంఘపెద్ద అయ్యాడు. చెడ్డవాడని అనను గానీ, నలుగురిలో మెప్పు వస్తుందంటే ఇంట్లో మాట చెవికెక్కని మనిషి. కోతపండగ వచ్చింది. ఇంట్లో పండిన మొదటి పంట గుడికి తేవడం, ఆరాధన అయ్యాక వాటిని వేలం వెయ్యడం మా ఆనవాయితీ. వరదకి చేలు పోయి ఆ ఏడు ఎవరి దగ్గరా ఏమీ లేదు. సంఘపెద్ద ఉత్త చేతులతో వెళ్తాడా? పెద్దమ్మ నీళ్లకి కాలవకెళ్లడం చూసి, నిచ్చెనేసి ఆ కాయ కోసేశాడు.

ఆమె గుళ్లోకి వచ్చేసరికి కాయ బల్ల మీద ఉంది.

"విత్తనానికని చెప్పేను కదండీ."

"మొదటి కాయ దేవుడిదే. దేవుడికిచ్చింది ఎక్కడికి పోద్దే?" అన్నాడు పెదనాన్న. పక్కనున్నవాళ్లు ఆయ్ అంటూ తలూపారు.

కొబ్బరి వ్యాపారి నూకరాజు దాన్ని వేలంలో పాడుకున్నాడు. మర్నాడు పెద్దమ్మ గింజలైనా అడుగుదామని వాళ్లింటికి వెళ్లింది. నూకరాజు భార్య సుగుణ మొహమాటపడింది.

"తొక్క గట్టిపడిపోయిందండీ, కత్తిపీటకి తెగలేదు. పగలగొట్టి గేదెకి పడేసేం."

కుడితితొట్టి పక్కన మిగిలిన ముక్కల్లోంచి పెద్దమ్మ గింజలు ఏరుకుంది. తెల్లగా, పలచగా ఉన్నాయి, లోపల పప్పు కట్టలేదు. కాయ కూరకి ముదిరిపోయింది, విత్తనానికి ముదరలేదు. అయినా నాటింది. ఒక్కటీ మొలవలేదు. తీగకి తర్వాత పట్టిన పిందెలు కూడా మంచుకి మాడి రాలిపోయాయి.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ కాయ కావాలని దేవుడు అడిగాడా?

మరుసటేడు పెదనాన్న అమలాపురం నుంచి పొట్లం విత్తనాలు తెచ్చాడు. పురుగుమందు చల్లాక నున్నటి కాయలు బోలెడు కాశాయి. పెద్దమ్మ ఎప్పట్లాగే ఎండురొయ్యలేసి వండి వడ్డించింది. పెదనాన్న రెండు ముద్దలు తిని ఆగాడు.

"ఏమే, మునుపటి రుచి రాలేదే?"

"ఆ రుచి కిందటేడు వేలం వేసేసేరు కదండీ" అని ఆమె ఇంకో గరిటెడు వడ్డించింది.

పెద్దమ్మ తను పోయేదాకా ఆ ఇంట్లో ఆనపకాయ వండుతూనే ఉంది. తన కంచంలో మాత్రం మళ్లీ వేసుకోలేదు.